మెదడు పనికి లెక్క కట్టుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మెదడును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారి ఆజ్ఞ. మెదడు చేయు పనిని గణితములో నమూనాగా కట్టు శాస్త్రమును గూర్చి కొంత విన్నవించెదను.

మన సీమలో కరవును కొలుచు తీరు చూడుడు. వేరుశెనగ మొక్కను పెరికి చూచినవానికి ఒకటి తెలియును. చేనిగట్టున నిలిచినవానికి మరొకటి. పాత అనంతపురం జిల్లాకు ఏటి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లని వ్రాసికొన్నవానికి వేరొకటి. అన్నియు నిజములే, కాని మొక్క లెక్కనుండి జిల్లా లెక్కకు దారి వేయుటయే కష్టము. సుమారు 8,600 కోట్ల నాడీకణములు గల మనిషి మెదడు విషయములోను చిక్కు ఇదియే.

మొదట తేలినది ఒక్క కణపు లెక్క. స్క్విడ్ అను సముద్రజీవి నరము మిక్కిలి లావు. దానిపై ప్రయోగములు చేసి హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అను ఆంగ్లేయులు 1952లో నరములోని విద్యుత్ స్పందనకు సమీకరణములు వ్రాసిరి. సోడియము లోనికి, పొటాసియము వెలుపలికి పోవుటయే దాని మర్మము. మనము సంగటిలో వేసికొను ఉప్పులోని సోడియమే సుమా! కేంబ్రిడ్జి కంప్యూటరు అప్పుడు మార్పులకై నిలిచిపోగా, హక్స్‌లీ చేతితో త్రిప్పు లెక్కయంత్రముపై వారముల తరబడి గుణించెను. 1963లో వారికి నోబెల్ బహుమానము లభించినది.

పిదప 1972లో విల్సన్, కోవన్ అనువారు కణముల గుంపునే ఒకటిగా లెక్కించిరి. ఒక్కొక్కని బేరము వినకయే సంత సద్దు హెచ్చినదో తగ్గినదో చెప్పవచ్చును గదా.

ఇక మెదడు మొత్తము. హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి చెందిన ఆచార్య బాపిరాజుగారును వారి సహచరులును 2018లో ఒక పద్ధతిని ప్రకటించిరి. మెదడులోని నరముల దారులనుబట్టి, మనిషి ఊరకున్నప్పుడు ఏయే భాగములు కలిసి పనిచేయునో అంచనా కట్టుట దాని ఉద్దేశము. కాలువల పటము చూచి ఏ చెరువులు కలిసి నిండునో చెప్పుట వంటిది.

దీనివలన మనకేమి అందురా? పార్కిన్సన్ అను వణుకుజబ్బును చూడుడు. మెదడు అడుగున చిన్న చోట, డోపమైన్ అను రసాయనమును చేయు కణములు నశించును. అంతమాత్రమున నడక కురుచయగును, చేవ్రాత చిన్నదగును. మన గ్రంథాలయపు రిజిస్టరులో ఒక పెద్దాయన సంతకము ఏటేటికి చిన్నదగుచుండిన, అది ముసలితనమని ఊరకుండరాదు, వైద్యునికి చూపవలెను. మద్రాసు ఐఐటీలో ఆచార్య శ్రీనివాస చక్రవర్తిగారి బృందము ఈ చేవ్రాత మార్పునే లెక్కలలో నమూనా కట్టి, కణముల నాశమునకును కలము కదలికకును గల సంబంధమును చూపినది. ఆయన తెలుగులోను విజ్ఞాన రచనలు చేసినవారు. కార్యదర్శిగారు వానిని తెప్పించిన బాగుండును.

అయినను ఆశ మితిమీరరాదు. ఐరోపావారు మానవ మెదడు పథకమును 2013 నుండి 2023 వరకు నడిపిరి. మెదడు మొత్తము కంప్యూటరులోనికి రాలేదు. మనిషి మాట అటుంచుడు, 302 నాడీకణములే గల ఒక చిరుపురుగు నరముల పటమును 1986లోనే ప్రకటించిరి. దాని నడవడి యంతయు నేటికిని లెక్కకు లొంగలేదు.