మిశ్రమ సంగీతము: శ్రోతల తీర్పు



జాజ్ సంగీతము అన్యసంప్రదాయములతో కలిసినపుడు శ్రోతలు తరచు రెండు పక్షములైరి. 1947లో డిజ్జీ గిలెస్పీ తన బృందమున క్యూబా వాద్యకుడు చానో పోజోకు స్థానమిచ్చెను. లాటిన్ జాజ్‌కు అది గట్టి పునాది. 1970లో మైల్స్ డేవిస్ 'బిచెస్ బ్రూ' రికార్డులో విద్యుద్వాద్యములు మ్రోగగా, కొందరు నవయుగమనిరి, కొందరు ద్రోహమనిరి.

అందు గిటారు వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్, 1976 నాటి 'శక్తి' రికార్డులో విద్యుద్ఘోషను విడిచి, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, వినాయక్‌రామ్ ఘటముల సరసన చేరెను. పూర్వపు హోరును కోరినవారు నిరాశపడిరి. రాగతాళము లెరిగినవారు ఆనందించిరి. 2024లో శక్తి బృందపు 'దిస్ మొమెంట్' గ్రామీ బహుమతి నందెను.

ఘటము ఘటముగనే మ్రోగినది, గిటారు గిటారుగనే పలికినది. స్వస్థలమును వీడి పలుభాషల నడుమ జీవించు కుటుంబములకు ఇది స్మరణీయము: కలియుట వేరు, కరిగిపోవుట వేరు.