నిద్రకు హుకుం చెల్లదు

(ఖుర్సీపార్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పిలిచి "ఆరోగ్యం మీద నాలుగు ముక్కలు చెప్పండి సార్" అన్నారు. నేను డాక్టర్ని కాను. కాకపోతే రాత్రంతా నిద్ర పట్టకపోవడం ఎలా ఉంటుందో, దిగులు మనిషిని ఎలా మూల కూర్చోబెడుతుందో అనుభవించినవాణ్ణి. మన చేతుల్లో ఉన్న సహజమైన పద్ధతులతో ఈ రెండింటినీ ఎంతవరకు దారికి తెచ్చుకోవచ్చో, ఎక్కడ ఆగి డాక్టరు దగ్గరికి వెళ్లాలో, ఈ రెండు సంగతులే మనవి చేస్తాను.

మన ఊరితోనే మొదలుపెడతాను. ఇక్కడున్న చాలామంది నాన్నలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి స్టీల్ ప్లాంటు పనికి వచ్చినవాళ్లే. 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఈ ప్లాంటుకు రాత్రీ పగలూ తేడా లేదు. మా నాన్న నైట్ షిఫ్టు చేసి పొద్దున్నే ఇంటికొస్తే, అమ్మ కిటికీకి మందపాటి దుప్పటి కట్టేసేది. రేడియో బంద్. "నాన్న నైటు చేసొచ్చాడు, గోల చెయ్యకండ్రా" అని మమ్మల్ని వీధిలోకి తరిమేది. అయినా మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నాన్న లేచి కూర్చునేవాడు. ఇంత అలసిపోయిన మనిషికి నిద్ర ఎందుకు చాలదో అప్పుడు నాకు అర్థం కాలేదు.

కారణం మన ఒంట్లో ఉన్న గడియారం. అది వెలుతురును బట్టి నడుస్తుంది. పొద్దుటి వెలుగు కంట్లో పడితే "తెల్లారింది" అని, చీకటి పడితే "పడుకునే వేళయింది" అని శరీరమంతటికీ కబురు పంపుతుంది. ఈ గడియారం జీవకణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చారు. నాన్న ఆ గడియారానికి ఎదురీది పడుకునేవాడన్నమాట. అమ్మ కట్టిన దుప్పటి దానికి తగిన వైద్యమే.

ఇక నా సంగతి. నేను 24 ఏళ్లు సర్వీసు చేసి 2012లో పెన్షన్‌కి వచ్చాను. మొదటి నెల స్వర్గంలా ఉంది. విజిల్ లేదు, ఫాలిన్ లేదు, గార్డు డ్యూటీ లేదు. ఎనిమిదింటికి లేచేవాణ్ణి, ఒక్కోసారి తొమ్మిది. మధ్యాహ్నం భోంచేసి రెండు గంటలు నిద్ర. మూడో నెలకల్లా రాత్రి నిద్ర పోయింది. క్యాంటీన్ రమ్ము ఉంది కదా అని రెండు పెగ్గులు వేసుకునేవాణ్ణి. వెంటనే నిద్ర పట్టేది, రెండున్నరకి మెలకువ వచ్చేసేది. ఇక తెల్లారేదాకా ఫ్యాను చూస్తూ, రైళ్ల చప్పుడు లెక్కపెడుతూ పడుకోవడమే.

నిద్ర లేకపోతే దిగులు, దిగులుకి మళ్లీ నిద్ర రాకపోవడం. ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోయాయి. బయటికెళ్లడం మానేశాను, ఫోనెత్తడం మానేశాను. ఇరవై నాలుగేళ్లు రోజూ గెడ్డం గీసుకున్న మనిషిని, వారం రోజులు గీసుకోలేదు. మా ఆవిడ అడిగితే కసిరాను. ఓ రాత్రి వరండాలో చీకట్లో కూర్చుని ఉంటే, వచ్చి పక్కన కూర్చుంది. కాసేపయ్యాక, "మీరు సియాచిన్‌లో ఉన్నప్పుడు కూడా నేనింత భయపడలేదండీ" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఇద్దరం కలిసి మెడికల్ ఆఫీసరు గారి దగ్గరికి వెళ్లాం.

ఆయన ముందు రక్తపరీక్షలు రాశారు. తర్వాత, "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటారు?" అని అడుగుతారనుకుంటే, "పొద్దున్న ఎన్నింటికి లేస్తారు?" అని అడిగారు. ఒక టైమంటూ లేదన్నాను. "సర్వీసులో?" అన్నారు. నాలుగున్నరకి అన్నాను. "నిద్రకు మీరు ఆర్డరివ్వలేరు. లేచే టైముకి ఇవ్వగలరు. అది చెయ్యండి చాలు" అన్నారు. నేను ఈవేళ చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగేదే.

పద్ధతి ఇదీ. మొదటిది, రాత్రి ఎంత పట్టినా, పట్టకపోయినా పొద్దున్న ఒకే టైముకి లేవాలి. ఆదివారమైనా, పండగైనా అంతే. లేవగానే బయటి వెలుతురులోకి రావాలి. రెండోది, మంచం నిద్రకే. టీవీ, పేపరు, ఫోను, అప్పుల లెక్కలు మంచం మీద వద్దు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వేరే చోట మసక వెలుతుర్లో కూర్చోండి. కళ్లు మూతలు పడితేనే మళ్లీ మంచమెక్కండి. గడియారం మాత్రం చూడొద్దు. ఇది 1972లో రిచర్డ్ బూట్‌జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి. మూడోది, నిద్ర అయిదున్నర గంటలే పడుతుంటే తొమ్మిది గంటలు మంచం మీద దొర్లొద్దు. మంచం మీద ఉండే సమయం తగ్గించి, నిద్ర చిక్కబడ్డాక పావుగంట చొప్పున పెంచుకోవాలి. అయిదు గంటలకంటే మాత్రం తగ్గించకూడదు. ఫిట్స్ ఉన్నవాళ్లు, ఒకప్పుడు విపరీతమైన హుషారు, మరొకప్పుడు దిగులు వచ్చే జబ్బున్నవాళ్లు, డ్రైవింగ్ డ్యూటీలో ఉన్నవాళ్లు ఈ మూడోది డాక్టర్ని అడక్కుండా చెయ్యకండి.

ఇది చిట్కా వైద్యమనుకోకండి. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఇలాంటి పద్ధతులతో కూడిన చికిత్సే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సిఫారసు చేసింది. ఒక్క హెచ్చరిక: మొదటి పది రోజులు ఇంకా అలసటగా ఉంటుంది. నేనూ వదిలేద్దామనుకున్నాను. మా ఆవిడ అయిదింటికి తలుపు తీసి లైటు వేసేసేది. ఆరు వారాలకి నాకు తేడా తెలిసింది.

టీ సంగతి. టీ, కాఫీల్లోని కెఫీన్ చాలామందిలో సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటి టీ పదకొండింటికి కూడా ఒంట్లో సగం ఉంటుందన్నమాట. మధ్యాహ్నం తర్వాత వద్దు. మందు నిద్రపుచ్చుతుంది, కానీ అది దిగేటప్పుడు అర్ధరాత్రి లేపేస్తుంది. అయితే రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. డాక్టరు సాయంతో మానండి. నిద్రమాత్రలు ఏళ్ల తరబడి వేసుకుంటున్నవాళ్లు కూడా అంతే, ఒక్కసారిగా ఆపొద్దు.

మన పెద్దల పద్ధతుల గురించి కూడా అడుగుతారు. ఆయుర్వేదంలో ఆహారం, బ్రహ్మచర్యంతో పాటు నిద్రను కూడా శరీరాన్ని నిలబెట్టే మూడు ఆధారాల్లో ఒకటిగా చరకుడు చెప్పాడు. గేదె పాలు నిద్రకు మంచివన్నాడు. అరికాళ్లకు నూనె రాసుకోవడం, నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం, యోగనిద్ర, ఇవన్నీ ఒంటిని శాంతపరుస్తాయి. చేసుకోండి, నేనూ చేస్తాను. కానీ పొడులు, మాత్రల దగ్గర జాగ్రత్త. అశ్వగంధ కొందరికి నిద్రకు కొంచెం సాయపడుతున్నట్టు చిన్న చిన్న అధ్యయనాలున్నాయి. అదే అశ్వగంధతో కొందరికి లివరు దెబ్బతిన్న సంఘటనలూ ఉన్నాయి. థైరాయిడ్ మందులకీ, నిద్రమాత్రలకీ అది అడ్డం రావచ్చు. చెట్టు నుంచి వచ్చిందంటే హాని చెయ్యదనుకోవడం పొరపాటు. ఏది వాడుతున్నా డాక్టరుకి చెప్పండి.

ఇప్పుడు దిగులు గురించి. దిగులుగా ఉన్నప్పుడు మనం "మూడ్ వచ్చాక వెళ్దాంలే" అంటాం. అది రాదు. ముందు పని, వెనకాల మూడ్. డాక్టరు గారు నాకు రోజుకి మూడు పనులు కాగితం మీద రాయమన్నారు. ఒకటి ఒంటికి, ఒకటి ఇంటికి, ఒకటి నలుగురిలోకి వెళ్లేది. నా మొదటి రోజు కాగితం మీద ఏముందో తెలుసా? గెడ్డం గీసుకోవడం, పవర్ హౌస్ మార్కెట్ నుంచి కూరలు తేవడం, సెక్టర్ 5 బాలాజీ గుడికి వెళ్లి ఒకరితోనైనా మాట్లాడటం. అంతే. రెండు నెలలయ్యాక గ్రౌండులో భర్తీకి తయారయ్యే కుర్రాళ్లని పరిగెత్తించడం మొదలుపెట్టాను. వాళ్లు అయిదున్నరకి నాకోసం నిలబడి ఉంటే నేను ఎలా పడుకోను?

సర్వీసు తమ్ముళ్లకి రెండు మాటలు. ఎత్తైన పోస్టుల్లో గాలి పలచన వల్ల ఊపిరి లయ తప్పి నిద్ర మధ్యమధ్య తెగుతుంది. అది మీ పిరికితనం కాదు. అక్కడ సొంతంగా నిద్రమాత్రలు, మందు అస్సలు వద్దు. ఎం.ఐ. రూముకి వెళితే నాటకమంటారని, క్యాటగిరీ పడిపోతుందని భయం. ఆ భయం నాకూ ఉండేది, అది ఉత్తదని చెప్పను. కానీ మోకాలు బాగు చేయించుకుని మళ్లీ డ్యూటీకి వెళ్లినట్టే దీన్నీ బాగు చేయించుకోవచ్చు. దాచిపెడితేనే ముదురుతుంది.

సహజ పద్ధతులతో ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లవలసినవి ఇవి. దిగులు రెండు వారాలు దాటి రోజూ ఉంటే. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోతోందని ఇంట్లోవాళ్లు చెబితే. పాత సంఘటనలు కలలో వచ్చి చెమటలతో లేస్తుంటే. "నేను లేకపోతేనే నయం" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రోజే ఎవరికైనా చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్‌కి, 14416 నంబరుకి, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చెయ్యొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. మందులు రాస్తే వేసుకోండి. నేనూ ఎనిమిది నెలలు వేసుకున్నాను, డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించాను. ఈ మాట ఇంతమందిలో చెప్పడం ఇదే మొదటిసారి.

చివరగా ఒక్క సంగతి. మేం ఆరుగురం పెన్షనర్లం కొన్నేళ్లుగా పొద్దున్న అయిదున్నరకి ఫోనులో రోల్ కాల్ చేసుకుంటున్నాం. "హాజర్" అంటే చాలు, పెట్టేస్తాం. ఓ పొద్దున్న ఒకతను ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. ఇద్దరం బండి మీద వెళ్లాం. పిల్లలు ఊళ్లో లేరు, భార్య పోయి ఏడాదయింది. రెండు రోజులుగా అన్నం తినలేదు, తలుపు గడియ వేసుకుని కూర్చున్నాడు. "బావా, తలుపు తియ్యి, టీ తాగుదాం" అన్నాను. చాలాసేపటికి తీశాడు. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి తీసుకెళ్లాం. అతను ఇప్పుడు బాగున్నాడు. ఈ సభలోనే ఉన్నాడు. చెప్పమన్నది తనే, పేరు మాత్రం వద్దన్నాడు.

అందుకని సంఘానికి నా మనవి. సభ్యుల జాబితా మన దగ్గరుంది. ఒంటరిగా ఉంటున్నవాళ్లెవరో మనకి తెలుసు. ఒక్కొక్కరం ఇద్దరేసి పేర్లు తీసుకుందాం. రేపు పొద్దున్న అయిదున్నరకి మొదటి రోల్ కాల్ పెడదాం. పేరిచ్చేవాళ్లు భోజనాలకి ముందు నా దగ్గరికి రండి, పుస్తకం, పెన్ను తెచ్చాను.

 జై హింద్!