సేవ చేసేవారి అలసట

డిమెన్షియా వచ్చిన అత్తగారు అన్నం తిన్న పావుగంటకే "నాకెవరూ అన్నం పెట్టలేదు" అంటూ వాకిట్లో కూర్చుని ఏడుస్తారు. పక్కింటివాళ్లు అనుమానంగా చూస్తారు. కోడలికి కోపమూ దుఃఖమూ ఒకేసారి పొంగుకొస్తాయి. అమ్మా, ఆ కోపం వచ్చినంత మాత్రాన మీరు చెడ్డవారు కారు. ఆవిడా అబద్ధం ఆడటం లేదు. తిన్న సంగతి ఆమె మెదడులో నిలవలేదు, అంతే. "ఇందాకే తిన్నారుగా" అని వాదిస్తే ఇద్దరికీ అలసటే. "వడ్డిస్తాను, ఈలోపు ఈ మజ్జిగ తాగండి" అంటే చాలాసార్లు కుదుటపడతారు.

ఈ జబ్బు ఉన్న చాలామందికి సాయంత్రం కంగారు ఎక్కువవుతుంది. చీకటి పడకముందే లైట్లు వేయండి, టీవీ గోల తగ్గించండి. ఉన్నట్టుండి తికమక పెరిగితే మాత్రం డాక్టరుకు చూపించాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా అలా కావచ్చు.

ఇక మీ సంగతి. నిద్ర చాలకపోతే ఎంతటివారికైనా ఓర్పు నిలవదు. ఆడపడుచునో మరిదినో ఊరికే "సాయం చేయండి" అనకుండా, "ఆదివారం మధ్యాహ్నం మీరు వచ్చి అమ్మ దగ్గర ఉండండి" అని రోజూ వేళా చెప్పి అడగండి. అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు పంపితే సరిపోదు, ఇక్కడ చేసే మనిషి గోడు కూడా వినాలి. అదీ కరువైనప్పుడు, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.