వచ్చే సీజనులో ఆ సీటు ఎవరిది?



బదిలీల కాలం వచ్చిందంటే మా ఉపాధ్యాయుల గదిలో మరో మాట వినిపించదు. ఎవరు ఏ ఊరికి వెళతారు, ఎవరి స్థానంలోకి ఎవరు వస్తారు, ఇదే చర్చ. ఆర్డరు కాగితం చేతికి రాకముందే జాబితా మా నోళ్ళలో తయారై ఉంటుంది. అందులో సగం తప్పని తర్వాత తేలుతుంది. అయినా మరుసటి ఏడాది చర్చ ఆగదు.

ఇలాంటి చర్చే ఏటా అక్టోబరు మొదలుకొని డిసెంబరు దాకా మోటారు ర్యాలీ పోటీల లోకంలోనూ సాగుతుంది. వచ్చే సీజనులో ఏ జట్టు బండిని ఏ డ్రైవరు నడుపుతాడు? ఎవరు మానుకుంటారు? ఎవరిని పైకి తీసుకుంటారు? ఈ ఊహాగానాల గురించి, వాటి నుంచి ఒక బడిపంతులు నేర్చుకున్న పాఠం గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకుందామని వచ్చాను.

ర్యాలీ అనగానే జెండాలు పట్టుకుని నడిచే ఊరేగింపు గుర్తుకు వస్తుంది మనకు. ఈ ర్యాలీ వేరు. రేసులో బండ్లన్నీ ఒకేసారి బయలుదేరి ఒకే ట్రాకు మీద చుట్లు తిరుగుతాయి. ర్యాలీలో అలా కాదు. అడవి బాటో, కొండదారో, మట్టిరోడ్డో కొన్ని కిలోమీటర్ల మేర మూసేసి, ఒక్కొక్క బండినే కొంత వ్యవధి ఇచ్చి వదులుతారు. అందరికంటే తక్కువ సమయంలో దాటినవాడిది గెలుపు. ఒక మూసిన దారి నుంచి ఇంకొక మూసిన దారికి వెళ్ళేటప్పుడు మాత్రం మామూలు రోడ్డు మీద, మనలాగే ట్రాఫిక్ నియమాలు పాటిస్తూ నడపాలి.

బండిలో ఇద్దరుంటారు. ఒకరు డ్రైవరు. రెండో మనిషి కో-డ్రైవరు, పాతరోజుల్లో నావిగేటరు అనేవారు. పోటీకి ముందే ఇద్దరూ ఆ దారిని నెమ్మదిగా తిరిగి చూసి, ఏ మలుపు ఎంత వాలుగా ఉంది, ఎన్ని మీటర్ల తర్వాత గుంట వస్తుంది అని నోట్సు రాసుకుంటారు. పోటీలో రెండో మనిషి ఆ నోట్సు చదువుతూ ఉంటే మొదటి మనిషి ఆ మాట నమ్మి బండి తోలుతాడు. మన పల్లెల్లో భారతం నాటకం ఆడేటప్పుడు తెర పక్కన నిలబడి పద్యం అందించేవాడు ఉంటాడు గదా, అలాగన్నమాట. అతడు ఒక్క మాట ఆలస్యంగా అందిస్తే అక్కడ పద్యం చెడుతుంది. ఇక్కడ బండి చెట్టుకు తగులుతుంది.

ఈ సంగతులతో మన తిరువళ్ళూరు, తిరుత్తణి వాళ్ళకు ఏం సంబంధమని మీరు అడగవచ్చు. కావలసినంత ఉంది. మన జిల్లాలోని చోళవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల దారి ఉంది. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు ఎన్నో ఏళ్ళు అక్కడే రేసులు జరిపారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు వచ్చాక పోటీలు అక్కడికి మారాయి. 1998లో హ్యుందాయ్ కార్ల ఉత్పత్తి మొదలైందీ ఆ ఊళ్ళోనే. ఇక ఎం.ఆర్.ఎఫ్. టైర్ల సంస్థ 1946లో తిరువొత్తియూరులో బొమ్మ బుడగలు తయారుచేసే చిన్న షెడ్డుగా మొదలైంది. ఆ సంస్థ కర్మాగారాల్లో ఒకటి తిరుత్తణికి పక్కనే అరక్కోణంలో ఉంది. తెల్లవారుజామున షిఫ్టుకు వెళ్ళే బస్సుల కోసం రోడ్డు పక్కన నిలబడే తండ్రుల బిడ్డలే నా తరగతిలో కూర్చుంటారు.

అలాంటి బిడ్డల్లో ఒకడి వల్లే ఈ ప్రసంగం. పేరు చెప్పను, ప్లస్ వన్ చదివే కుర్రవాడు. 2025 సెప్టెంబరులో ఒకనాడు నేను పాఠం చెబుతుంటే నోటుపుస్తకం చివరి పేజీలో ఏదో గీస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. పుస్తకం లాక్కుని, "ఈ పేర్లు పరీక్షలో వస్తాయట్రా?" అని అందరి ముందూ గట్టిగా అడిగాను. పిలకాయలందరూ నవ్వారు. వాడు తల వంచుకున్నాడు.

రాత్రి ఇంట్లో ఆ పేజీ తెరిచి చూశాను. ప్రపంచ ర్యాలీ పోటీల్లో 2026 సీజనుకు ఏ జట్టులో ఎవరుంటారో పట్టిక వేసి ఉంది. ప్రతి పేరుకు ఎదురుగా కారణం రాసి ఉంది. ఇతని ఒప్పందం ముగుస్తోంది. ఇతని వెనుక డబ్బు ఉంది. ఇతను కింది తరగతిలో గెలుస్తున్నాడు. నా పాఠానికి వాడు ఏనాడూ అంత శుభ్రంగా నోట్సు రాసింది లేదు. సిగ్గుపడ్డాను. మర్నాడు పిలిచి పుస్తకం తిరిగి ఇచ్చి, "ఇది నాకూ వివరంగా చెప్పరా" అన్నాను.

వాడి లెక్క ప్రకారం సీటు గురించి ఊహించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరి సీటు ఖాళీ అవుతోంది? ఆ సీటుకు తగినవాడు ఎవడు సిద్ధంగా ఉన్నాడు? సిద్ధంగా ఉన్నవాడి వెనుక ఎవరు నిలబడ్డారు? ఈ మూడూ కలిస్తేనే పేరు రాయాలట.

మొదటి ప్రశ్న చూద్దాం. ఫిన్లండుకు చెందిన కల్లె రోవన్‌పెర 2022లో ఇరవై రెండేళ్ళకే ప్రపంచ విజేత అయ్యాడు. 2023లో మళ్ళీ గెలిచాడు. మా వాడు అతని పేరు ఎదురుగా "కదలడు" అని రాశాడు. అందరూ అలాగే అనుకున్నారు. అయితే 2025 అక్టోబరులో అతను ర్యాలీలు వదిలి ట్రాకు రేసులకు వెళుతున్నానని ప్రకటించాడు. ఆ ఏడాది చివరికి ఎస్తోనియా దేశపు ఓట్ తానక్ కూడా విరమించుకున్నాడు. 2019లో ప్రపంచ విజేత అతను. ఒకే కాలంలో రెండు పెద్ద సీట్లు కదిలాయి. ఎంత లెక్క కట్టినా మనిషి మనసులో ఏముందో పట్టికకు అందదు.

రెండో ప్రశ్న. ఆలివర్ సోల్‌బర్గ్ అనే కుర్రవాడు 2022లో హ్యుందాయ్ జట్టులో మొదటి తరగతి బండి నడిపాడు. అనుకున్నంత రాణించలేదు. సీజను చివర జట్టు వదులుకుంది. ఇరవై ఒక్క ఏళ్ళు అతనికప్పుడు. మన భాషలో చెప్పాలంటే పై తరగతి నుంచి కింది తరగతికి దించారు. అతను అలిగి కూర్చోలేదు. రెండో తరగతిలోనే బండి తోలుతూ వచ్చాడు. 2025 జులైలో ఎస్తోనియా ర్యాలీకి మాత్రం టొయోటా జట్టు అతనికి ఒక్కసారి పెద్ద బండి ఇచ్చింది. ఆ ఒక్క అవకాశంలోనే ర్యాలీ గెలిచాడు. అదే ఏడు రెండో తరగతి ప్రపంచ విజేత కూడా అయ్యాడు. 2026 సీజనుకు టొయోటా అతన్ని పై తరగతిలోకి తీసుకుంది. మా వాడి పట్టికలో ఈ పేరు సరిగ్గా ఉంది. ఎదురుగా రాసిన కారణం "ఫెయిలై మళ్ళీ చదివినవాడు". ఆ మాట చదివినప్పుడు నాకు మా బడి పిలకాయలు చాలామంది గుర్తుకు వచ్చారు.

మూడో ప్రశ్న దగ్గరే అసలు చిక్కు ఉంది. సోల్‌బర్గ్ తండ్రి పెట్టర్ 2003లో ప్రపంచ విజేత. ఆ ఇంట్లో పుట్టిన బిడ్డకు స్టీరింగు అందడం కొంత సులువే. అందరికీ అలాంటి తండ్రి దొరకడు. అప్పుడు సంస్థ ఆ చోట నిలబడాలి. 2026కు ఫోర్డు బండ్లు నడిపే ఎం-స్పోర్ట్ జట్టు జోష్ మెకెర్లీన్, జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇద్దరిని తీసుకుంది. ఇద్దరూ ఐర్లండు ద్వీపానికి చెందినవాళ్ళే. ఇద్దరి వెనుకా ఐర్లండు మోటారు క్రీడల సంస్థ నడిపే ర్యాలీ శిక్షణ అకాడమీ ఉంది. అంత చిన్న చోటు నుంచి ఇద్దరు మొదటి తరగతికి చేరారంటే మెట్టు మీద మెట్టు ఎవరో కట్టిపెట్టారు కాబట్టే.

మన దేశం సంగతి ఏమిటి? ఇక్కడ గౌరవ్ గిల్ కథ చెప్పాలి. ఢిల్లీ వాడే అయినా అతని పేరు నిలబెట్టిన జట్టు మన చెన్నై జట్టు, టీమ్ ఎం.ఆర్.ఎఫ్. ఆసియా పసిఫిక్ ర్యాలీ పోటీల్లో స్కోడా బండ్లతో ఆ జట్టు డ్రైవర్లు 2012 నుంచి 2017 దాకా వరుసగా ఆరేళ్ళు విజేతలయ్యారు. అందులో 2013, 2016, 2017 టైటిళ్ళు గిల్‌వే. 2019లో అతనికి అర్జున పురస్కారం వచ్చింది. మోటారు క్రీడల్లో ఆ పురస్కారం అందుకున్న మొదటి మనిషి అతనే.

ఆ ఏళ్ళలో ప్రతి సీజను ముందూ ఒకటే ఊహాగానం. గిల్ పక్కన రెండో బండి ఎవరిది? 2012లో ఆస్ట్రేలియా వాడు క్రిస్ అట్కిన్సన్. 2013లో ఫిన్లండు కుర్రవాడు ఎసపెక్క లాప్పి. 2014లో చెక్ దేశపు యాన్ కొపెట్స్కీ. 2015లో స్వీడను వాడు పోంటస్ తిదెమాండ్. తర్వాత ఫాబియాన్ క్రైమ్, ఆ తర్వాత ఓలె క్రిస్టియాన్ వైబీ. ఏటా ఒక కొత్త పేరు.

ఇప్పుడు ఆ పేర్లు ఎక్కడికి చేరాయో చూడండి. లాప్పి 2014లో యూరప్ విజేత అయ్యాడు. 2017లో టొయోటా బండితో ప్రపంచ పోటీల్లో ఫిన్లండు ర్యాలీ గెలిచాడు. తిదెమాండ్ 2017లో, కొపెట్స్కీ 2018లో ప్రపంచ రెండో తరగతి విజేతలయ్యారు. గిల్ ప్రపంచ పోటీల్లో అప్పుడప్పుడు పాల్గొన్నాడు. కానీ మొదటి తరగతిలో ఒక పూర్తి సీజను పాటు సీటు అతనికి దక్కలేదు. 2013లో టైటిలు గెలిచింది గిల్. పైకి ఎక్కే దారి దొరికింది పక్క బండిలో ఉన్న లాప్పికి. 2026కు హ్యుందాయ్ తన మూడో బండిని ముగ్గురికి పంచితే, ఆ ముగ్గురిలో లాప్పి ఉన్నాడు.

లాప్పి ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. బండి తయారుచేసే సంస్థ యూరప్‌లో ఉంది. పోటీలు ఎక్కువ అక్కడే. అక్కడి మంచు దారులూ, కొండ దారులూ చిన్ననాటి నుంచి తిరిగినవాళ్ళు అక్కడ ఉన్నారు. మన టైర్లకు మాత్రం ఆ దారి తెరుచుకుంది. 2022లో స్పెయిన్ వాడు ఎఫ్రెన్ యరేన, కో-డ్రైవరు సారా ఫెర్నాండెస్‌తో కలిసి టీమ్ ఎం.ఆర్.ఎఫ్. టైర్స్ తరఫున యూరప్ విజేత అయ్యాడు. చక్రం మనది, స్టీరింగు పట్టిన చెయ్యి మనది కాదు.

ఈ కథంతా అయ్యాక మా వాడు అడిగాడు. "మన పక్కనుంచి ఆ సీటు ఎవరికైనా వస్తుందా సార్?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వస్తుందని ఆశ పెట్టడం తేలిక. రాదని కొట్టిపారేయడం ఇంకా తేలిక. మొదటిరోజు నేను చేసింది అదే గదా. రెండూ మానుకుని నాకు తెలిసింది చెప్పాను. హైదరాబాదు డ్రైవరు నవీన్ పులిగిల్ల, కాసరగోడుకు చెందిన కో-డ్రైవరు మూసా షరీఫ్ కలిసి కెన్యాలో సఫారీ ర్యాలీకి వెళ్ళారు. ప్రపంచ పోటీల్లో బహు కష్టమైన దారుల్లో అదొకటి. తెలుగువాడి చేతిలో స్టీరింగు అంతదాకా వెళ్ళిందంటే దారి పూర్తిగా మూసి లేదు.

ఇంకొకటి కూడా చెప్పాను. అందరూ డ్రైవరు సీటునే చూస్తారు. పక్క సీటును చూడరు. అక్కడ కావలసింది చదివే నోరు, లెక్క తప్పని బుర్ర, పక్కవాడు నమ్మే మాట. నోట్సు శుభ్రంగా రాయడం నీకు వచ్చని నాకు తెలుసు. ఆ సీటు కోసం ప్రయత్నించు. ఏ సీటైనా సరే, భారత మోటారు క్రీడల సమాఖ్య ఇచ్చే లైసెన్సు తీసుకుని, మూసిన దారిలో, హెల్మెట్టు పెట్టుకుని చేసేదే పోటీ. రాత్రిపూట చిత్తూరు రోడ్డు మీద మోటారు సైకిళ్ళు అరిపించడం పోటీ కాదు, కన్నవాళ్ళ కడుపుకోత.

తల్లిదండ్రులకూ నాదొక మనవి. మీ బిడ్డ వినడానికి వింతగా ఉండే పేర్లు రాసుకుంటుంటే పుస్తకం లాక్కోకండి. ఆ పేరు ఎందుకు రాశావని అడగండి. కారణం చెప్పగలిగితే వాడు ఆలోచిస్తున్నట్టు లెక్క. చెప్పలేకపోతే వెతకమనండి.

మన తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండకు మూడువందల అరవై అయిదు మెట్లున్నాయి. ఎక్కేవాడి ఓపిక సరే, ఆ మెట్లు ఎవరో రాయి మోసి కట్టారు కాబట్టే ఎక్కగలుగుతున్నాం. మన పిలకాయలకు ఓపిక ఉంది. చోళవరం మన జిల్లాలో, ట్రాకూ టైర్ల కర్మాగారమూ మన పొరుగున ఉన్నాయి. శిక్షణ అనే మెట్లు ఇంకా కట్టవలసి ఉంది. అవి కట్టిన నాడు, వచ్చే సీజనులో ఆ సీటు ఎవరిదని ఊహించేటప్పుడు మన ఊరి పేరు కూడా ఆ పట్టికలో రాయవచ్చు. పక్కన కారణం కూడా రాయవచ్చు.