తెరపై రంగు - కాగితముపై రంగు
(రజతోత్సవ సంచిక సన్నాహ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి. వెలువరింపనున్న సంచికకు ముఖపత్రమును మన యువకులే కంప్యూటరుపై సిద్ధము చేసిరి. చూడ ముచ్చటగా నున్నది. అయితే ఆ ఫైలును ఉన్నదున్నట్లు ముద్రణాలయమునకు పంపినచో ఆ ముచ్చట కాగితముపై నిలువదు. ఏల నిలువదో, నిలుపుటకు ఏమి చేయవలెనో మనవి చేసెదను.

తెర వెలుగుతో పనిచేయును. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులు కలిసి అందు తెలుపగును. అచ్చులో వెలుగు లేదు, సిరా యున్నది. సయాన్ అను లేతనీలము, మెజెంటా అను గులాబివన్నె, పసుపు, నలుపు - ఈ నాలుగు సిరాలు నాలుగు ప్లేట్లనుండి సన్నని చుక్కలుగా పడును. తెలుపు మాత్రము కాగితముదే. ఏ క్యాలెండరు బొమ్మనైనను భూతద్దముతో చూడుడు, ఆ చుక్కలు కనబడును. మనవారు వేసిన వరిచేని పచ్చదనము తెరపై మెరయుచున్నది గాని, ఆ మెరుపు ఈ సిరాల శక్తికి మించినది. ఫైలును ముందుగనే నాలుగు సిరాల పద్ధతికి మార్చి చూచినచో ఎంత మందగించునో తెలియును, సవరించుకొనవచ్చును. ఆర్ట్ పేపరు, మ్యాప్‌లితో కాగితము సిరాను ఒకే తీరున పీల్చవు గనుక, ఏ కాగితమో నిశ్చయించుకొనిన పిదపనే ఈ మార్పు చేయవలెను. అచ్చయిన తరువాత ప్రెస్సువారితో కలహించి ప్రయోజనము లేదు.

అక్షరములకు నల్ల సిరా ఒక్కటే నూటికి నూరు పాళ్లు ఉండవలెను. నాలుగు సిరాలు కలిపిన నలుపుతో వేసినచో, ప్లేటు వెంట్రుకవాసి జరిగినను వత్తులకు, గుడులకు రంగు నీడ పట్టును. ముఖపత్రపు రంగు అంచువరకు పోవుచున్నచో నాలుగు వైపుల 3 మిల్లీమీటర్లు అదనముగా వదలవలెను. లేనిచో కత్తిరింపులో తెల్లని గీత తేలును.

ఇక ఛాయాచిత్రములు. సంచికకు ప్రాణము ఇవియే. కట్టడమునకు ఇటుకలవలె బొమ్మకు పిక్సెళ్లు. అచ్చులో పడు కొలతకు అంగుళమునకు 300 చొప్పున ఉండవలెను. 1,200 పిక్సెళ్ల వెడల్పు గల బొమ్మను 4 అంగుళములకు మించి వేయరాదు. వాట్సాప్‌లో చేతులు మారిన బొమ్మ సాధారణముగా కుంచించుకొనియే వచ్చును. దానిని సాగదీసినచో పిక్సెళ్లు పెరుగునే గాని ముఖమందలి వివరము పెరుగదు. గోడపై పటమును దింపించి స్కాను చేయించుటయే మార్గము. మన ఊరి పటములలో కొన్నిటికి ఇప్పటికే చెమ్మ తగిలినది.

అన్నిటికన్న నన్ను బాధించు విషయము అక్షరములది. యూనికోడ్ 1991లోనే తెలుగు అక్షరములకు ప్రత్యేక సంఖ్యల నిచ్చినది. అయినను మన డి.టి.పి. కేంద్రములలో ఇంగ్లీషు అక్షరముల స్థానమున తెలుగు రూపములు కూర్చిన పాత ఖతులు చాలకాలము వాడుకలో నున్నవి. ఆ ఖతి లేని యంత్రముపై తెరచినచో మన తెలుగు అర్థములేని ఇంగ్లీషు ముక్కలగును. ఖతులను ఫైలులోనే పొదిగి పి.డి.ఎఫ్.గా పంపుట దీనికి మందు. ముద్రణకై 2001లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడిన పి.డి.ఎఫ్. ఎక్స్-1ఎ ఖతులు పొదిగి తీరవలెనని నియమించినది. కొందరు అక్షరములను గీతల బొమ్మలుగా మార్చి పంపుదురు. అచ్చు చెడదు, నిజమే. కాని అప్పుడవి అక్షరములు కావు. వెదుకుటకు గాని, దిద్దుటకు గాని వీలుపడదు. స్వర్ణోత్సవము నాడు ఒక దాత పేరు వెదుకువారికి ఆ ఫైలు మూగదగును. కనుక ప్రెస్సుకు ఏది పంపినను, యూనికోడ్ ప్రతి నొకదానిని గ్రంథాలయమునకు దాచియుంచవలెనని కార్యవర్గమును కోరుచున్నాను.

పటములు ఇచ్చువారు వెనుక సిరాతో వ్రాయక, విడిగా ఒక చీటిపై పేర్లు వ్రాసి జతపరచి తెండు. స్కాను అయిన వెంటనే ఎవరి పటము వారికి చేరును.