శాఖ వెబ్‌సైటుకు అవసరమైన ఉపకరణాలు
(డెలానీపూర్ శాఖాసభలో సమాఖ్య కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈ ద్వీపాలలో రైలు మార్గం లేదు. కేంద్ర కార్యాలయపు సర్క్యులరుకై ఇక్కడి తపాలా ఉద్యోగులు ఒకనాడు ఓడ రాకకు ఎదురుచూడవలసి వచ్చేది. తరువాత ఉపగ్రహ సంబంధం ఏర్పడినా అది ఇరుకు దారే. 2020 ఆగస్టు 10న చెన్నైనుండి ఇక్కడికీ, ఇక్కడినుండి ఇతర ద్వీపాలకూ సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు ప్రారంభమైంది. దారి విశాలమైంది. ఆ దారిన మన మాట కూడ ప్రయాణించాలనే మన శాఖ వెబ్‌సైటు నెలకొల్ప తలపెట్టింది.

ఇందుకు వర్డ్‌ప్రెస్ తగిన సాధనం. 2003లో వెలువడిన ఈ సాఫ్ట్‌వేరును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. దీనికి తగిలించే ఉపకరణాలను ప్లగిన్లంటారు. ఇంజనుకు పెట్టెలు తగిలించినట్లే. పెట్టె పెరిగినకొద్దీ బరువు పెరుగుతుంది. కనుక నాలుగు చాలు.

మొదటిది నకలు తీసేది. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ వంటిది నిర్ణీత వేళకు వెబ్‌సైటు నంతటినీ వేరొక చోట భద్రపరుస్తుంది. నకలు అదే సర్వరులో ఉంటే, ఇల్లు కాలినప్పుడు తాళపుచెవి కూడ కాలినట్లే.

రెండవది కాపలా. వర్డ్‌ఫెన్స్ వంటిది దొంగ ప్రవేశాలను అడ్డుకుంటుంది. సంకేతపదంతోపాటు ఫోనులో వచ్చే అంకెలను కూడ అడిగేటట్లు దానిని అమర్చాలి.

మూడవది వేగం. సూపర్ క్యాష్ వంటిది పుటను సిద్ధంగా ఉంచి అడిగినవెంటనే అందిస్తుంది. సమ్మె నోటీసు వెలువడిన రోజున వేలమంది ఒక్కసారి చూడవచ్చినా వెబ్‌సైటు తట్టుకోగలుగుతుంది.

నాలుగవది ఉత్తరాల పెట్టె. కాంటాక్ట్ ఫారం 7 సభ్యుని లేఖను మన ఈమెయిలుకు చేరుస్తుంది. చెత్త లేఖలను అకిస్మెట్ ఏరివేస్తుంది. అయితే తపాలా మిత్రులు ఒకటి గమనించాలి: ఇది మన ఇంటి సార్టింగు కాదు. లేఖలోని మాటలు పరీక్షకై బయటి సంస్థ సర్వరుకు వెళ్తాయి. పై అధికారి వేధింపులపై రాసిన ఫిర్యాదు, పెన్షను సంఖ్య, ఆరోగ్య వివరం అలా వెళ్లరాదు. ఫారంలో పేరు, ఫోను మాత్రమే అడుగుదాం. తక్కినది ముఖాముఖి విందాం.

ప్లగిను ఎంత ప్రసిద్ధమైనా పూర్తిగా నమ్మదగినది కాదు. 2020 సెప్టెంబరులో ఫైల్ మేనేజర్ అనే ప్లగినులో లోపం బయటపడింది. 7 లక్షలకు పైగా వెబ్‌సైట్లలో అది ఉండేది. లోపం సవరించేలోగానే దాడులు మొదలయ్యాయి. కనుక సవరణలు వచ్చిన వెంటనే వేయాలి, వాడనిదానిని తొలగించాలి, సంవత్సరాలుగా సవరణ లేనిదానిని తాకరాదు.

మరొక మాట. మన సర్క్యులర్లను ఫొటో తీసి పెట్టకండి. పాత ఫాంటులలో కూర్చిన తెలుగును యూనికోడులోకి మార్చి పాఠంగా పెట్టండి. అప్పుడే వెదికితే దొరుకుతుంది, చిన్న ఫోనులోనూ చదువవచ్చు, చూపు మందగించిన పింఛనుదారుకు యంత్రం చదివి వినిపిస్తుంది.

చివరిగా, వెబ్‌సైటు తాళం ఒక్కరి జేబులో ఉండరాదు. డొమైను పేరు వ్యక్తి పేరున కాక సంఘం పేరున నమోదు కావాలి. కార్యదర్శి బదిలీ అయినంతమాత్రాన సంఘం గొంతు మూగపోరాదు. చందా పుస్తకానికి ఆడిటు ఉన్నట్లే, దీనికీ ముగ్గురు సభ్యుల ఉపసంఘం, ఆరు నెలలకొక తనిఖీ ఉండాలని ప్రతిపాదిస్తున్నాను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!