కళాశాలలో రచయిత

కళాశాల అన్న తరువాత ప్రయోగశాల ఉండాలి, గ్రంథాలయం ఉండాలి, ఆటస్థలం ఉండాలి. వీటిలో ఏది లోపించినా తనిఖీకి వచ్చిన అధికారులు కాగితం మీద వ్రాసుకొని పోతారు. రచయిత లేడన్న కారణం చేత ఏ కళాశాలనైనా ఆక్షేపించిన అధికారిని గురించి మాత్రం మేము ఇంతవరకు వినలేదు. సాహిత్యం పాఠ్యగ్రంథంలో ఉన్నది గదా, దానిని బోధించే ఉపన్యాసకుడు ఉన్నాడు గదా, ఇక రచయితతో పని ఏమి అని లోకుల భావన. కాని గతించిన కవిని పాఠంగా చదువుకొనటం వేరు. బ్రతికియున్న రచయితకు తాను వ్రాసిన నాలుగు పుటలు చూపించుకొనటం వేరు. ఈ రెండవదాని ఆవశ్యకతను విచారించటమే నేటి మా ప్రసంగ విషయం.

కళాశాలలో కొంతకాలం ఉండి, తన రచన తాను చేసుకొంటూ, విద్యార్థుల రచనలను చూచే వ్యక్తిని మనం 'నివాస రచయిత' అనుకోవచ్చును. అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయం 1921లో రాబర్ట్ ఫ్రాస్ట్ అనే కవిని పిలిచి, నియతమైన బోధనభారం పెట్టకుండా, వేతనమిచ్చి తన ఆవరణలో ఉంచుకొన్నది. 1936లో అయొవా విశ్వవిద్యాలయంలో రచనాశిక్షణకు ప్రత్యేకమైన కార్యశాల ఏర్పడింది. అక్కడ విద్యార్థి వ్రాసిన కథయే పాఠ్యగ్రంథం. తోటివారు దానిని ముందుగా చదివి వచ్చి, రచయిత సమక్షంలో మంచిచెడ్డలు విచారిస్తారు.

కవిత్వం పుట్టుకతో రావాలిగాని నేర్పితే వస్తుందా అని అడిగేవారున్నారు. మన ఆలంకారికులు ఈ ప్రశ్నను ఏనాడో విచారించారు. మమ్మటుడు కావ్యహేతువులను చెపుతూ సహజమైన శక్తిని మొదట పేర్కొన్నాడు. లోకాన్ని, శాస్త్రాలను, కావ్యాలను పరిశీలించటం వల్ల కలిగే నిపుణతను తరువాత పేర్కొన్నాడు. అంతటితో ఆగక, కావ్యమెరిగినవారి శిక్షలో చేసే అభ్యాసాన్ని మూడవదిగా చెప్పి, ఈ మూడూ కలిసి ఒకే హేతువన్నాడు. పదకొండవ శతాబ్దిలో క్షేమేంద్రుడు కవి కాగోరే శిష్యుని కోసమే ఒక చిన్న గ్రంథం రచించాడు. శక్తిని ఏ గురువూ ఇవ్వలేడు, నిజమే. ఉన్న శక్తి దారి తప్పకుండా చూచేవాడు ఉండాలని మాత్రం పెద్దలు గుర్తించారు. సంగీతానికి గురువు కావాలి, నాట్యానికి గురువు కావాలి, వ్రాతకు మాత్రం అక్కరలేదనటం ఏమి న్యాయం?

మనకు ఆస్థానకవి అన్న మాట అలవాటైనది. రాజు పోషిస్తాడు, కవి వ్రాస్తాడు. ప్రభువు మెప్పు ఆ పదవికి మూలం. నివాస రచయిత స్థితి అట్టిది కాదు. అతని వద్దకు వచ్చేవారు పద్దెనిమిదేండ్ల పిల్లలు. వారి మెప్పు వల్ల అతనికి ఒరిగేది లేదు. ఈ రెండు పదవులలో భాషకు ఎక్కువ మేలు చేసేది ఏదో తెలుసుకొనటానికి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి జీవితమే మనకు చాలిన నిదర్శనం. 1949లో మదరాసు ప్రభుత్వం వారిని ఆస్థానకవిగా గౌరవించింది. ఆ గౌరవం వారికి తగినదే. అయితే అంతకు ఎన్నో ఏండ్లముందు వారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు వారి శిష్యులు. పింగళి, కాటూరి కవులు కలిసి వ్రాసిన 'సౌందరనందము'ను గురువుగారికే సమర్పించారు. ఒక బడిపంతులు కొలువు తెలుగు సాహిత్యానికి ఇంతమందిని ఇచ్చింది. వీరిలో ఎవరూ గురువుకు అచ్చు ప్రతిబింబం కాలేదన్నది ఇంకా గమనించవలసిన విషయం. విశ్వనాథ దారి విశ్వనాథది, కాటూరి దారి కాటూరిది. శిష్యుణ్ణి తనవలె చేసే గురువు కంటే, శిష్యుణ్ణి అతనివలెనే చేసే గురువు గొప్పవాడు.

మన ఉత్తరాంధ్రంలో ఈ సంప్రదాయం మరికొన్ని రూపాలలో కనిపిస్తుంది. విజయనగరం మహారాజావారి కళాశాలలో గురజాడ అప్పారావుగారు విద్యార్థిగా చదివి, పిమ్మట ఉపన్యాసకులుగా పనిచేశారు. అదే కళాశాలలో తరువాతి కాలాన రోణంకి అప్పలస్వామిగారు ఇంగ్లీషు బోధించారు. ఐరోపా భాషలు పెక్కు నేర్చిన పండితులు వారు. 1942లో చదువుకోసం విజయనగరం వెళ్లిన ఆరుద్రకు రోణంకివారి సాంగత్యం, కథకుడు చాగంటి సోమయాజులుగారి సాంగత్యం లభించాయి. ఆ కుర్రవానికి తరగతిలో ఎన్ని మార్కులు వచ్చాయో నేడు ఎవరికీ పట్టదు. ఆ సాయంకాలపు సాంగత్యాలు ఏమి ఫలించాయో తెలుగువారందరికీ తెలుసు.

వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయానికి అబ్బూరి రామకృష్ణారావుగారు అధికారిగా ఉండేవారు. స్వయంగా కవి, నాటకకర్త. పాఠం చెప్పటం వారి ఉద్యోగం కాదు. శ్రీశ్రీ వంటి యువకవులు వారి సాంగత్యం పొందినవారు. ఆ విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారి తొలి కావ్యమే ఒక కళాశాల పోటీ నుంచి పుట్టింది. మదరాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా ఉన్నప్పుడు అక్కడి ఆంధ్ర భాషాభిరంజని సంఘం పెట్టిన పోటీకి వారు వ్రాసినదే 'ముసలమ్మ మరణము'. అడిగేవారుంటే వ్రాసేవారు పుడతారు.

విశాఖపట్టణంలోనే మరొక నిదర్శనమున్నది. కాళీపట్నం రామారావుగారు సెంట్ ఆంథొనీ పాఠశాలలో 1948 మొదలు 1979 వరకు లెక్కలు బోధించారు. 1966లో వారి 'యజ్ఞం' కథ వెలువడింది. 1997లో శ్రీకాకుళంలో 'కథానిలయం' స్థాపించి, తెలుగు కథలన్నింటినీ ఒకచోట చేర్చటానికి పూనుకొన్నారు. తమ కథలు వ్రాయటం కంటే ఇతరుల కథలు చదివి, వాటి బాగోగులు విప్పి చెప్పటానికే వారు చాలా కాలం వెచ్చించారు. రచనకు గురువు కావటానికి తెలుగు శాఖలోనే ఉండాలన్న నియమం లేదు. లెక్కల మాస్టరు కూడా కావచ్చును.

ఇంతవరకు చెప్పినవన్నీ యాదృచ్ఛికంగా లభించిన భాగ్యాలు. ఆ పాఠశాల కవిని వెతికి తెచ్చుకొనలేదు; పండితుణ్ణి నియమిస్తే కవి దొరికాడు. ఆ గ్రంథాలయానికి అధికారి కావలసివస్తే కవి వచ్చాడు. భాగ్యం ప్రతి ఊరికీ రాదు. రానిచోట ఏమి జరుగుతుంది? ఈ ప్రశ్న వేసుకొన్నప్పుడు మాకు పరవాడ గుర్తుకు వస్తున్నది.

పరవాడ ఒకప్పుడు విశాఖపట్టణానికి దక్షిణాన ఉన్న వ్యవసాయ గ్రామం. 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నది. దాని చుట్టూ రెండు తరాలలో భూమి స్వరూపమే మారింది. ఆ ప్రాంతంలో ఒక ప్రక్క ఉక్కు కర్మాగారం వెలసింది. 2002లో సింహాద్రి విద్యుత్కేంద్రం ఉత్పత్తి ప్రారంభించింది. ఆ పిమ్మట మందుల పరిశ్రమలకోసం ఫార్మా సిటీ ఏర్పడింది. సముద్రం వైపు ముత్యాలమ్మపాలెం వంటి ఊళ్లలో వేట మీద బ్రతికేవారున్నారు. తాత నాగలి పట్టినవాడు, తండ్రి కాంట్రాక్టు కూలీగా షిఫ్టుకు వెళ్లేవాడు, పిల్ల డిగ్రీ చదువుకోసం గాజువాకకో అనకాపల్లికో బస్సెక్కేది. ఇటువంటి కుటుంబాలు అక్కడ ఎన్ని లేవు? ఒక్క ఇంటిలో మూడు లోకాలున్నాయి. పొలం అమ్ముకొన్న డబ్బుతో కట్టిన మేడ ఒక కథ. ఊరు కదలాలా వద్దా అని రచ్చబండ మీద సాగిన వాదం ఒక కథ. రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవారి ఇంటికి వచ్చే మనిషి నిద్ర ఒక కథ.

ఈ కథలను పట్నంనుంచి పోయిన మనవంటివారు వ్రాయవచ్చును. కాని ఆ ఊరి మాటల రుచి, అక్కడి దీర్ఘాలు, అక్కడి తిట్లలోని చనువు, మనకు ఎంత వచ్చును? అవి ఆ బస్సులో కూర్చున్న పిల్లకు వచ్చును. తన మాట పుస్తకానికి తగదని, పుస్తకంలో ఉండే మాట వేరని ఆమె అనుకొంటుంది. అనుకొని, పరీక్షపత్రంలోని తెలుగులో ఒక కథ వ్రాస్తుంది. అది ఎవరి కథా కాకుండా పోతుంది. గురజాడవారి నాటకంలో, రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి కథలలో ఈ ప్రాంతపు మాటే సాహిత్యమైనదని ఆమెకు ఎవరు చెప్పాలి? పుస్తకం పేరు చెప్పటం ఉపన్యాసకుడు చేయగలడు. 'ఈ మూడవ పుటలో మీ నాయనమ్మ మాట్లాడింది, తక్కినదంతా నీవు విన్న పుస్తకం మాట్లాడింది. నాయనమ్మనే మాట్లాడనియ్యమ్మా' అని ఆమె కాగితం మీదనే చూపించటానికి రచయిత కావాలి. అది ఒక్కసారి చూపించితే చాలు, ఆ పిల్ల మరి మరువదు.

ఈ పని రేడియో చేయరాదా, పత్రికలు చేయరాదా అని అడుగవచ్చును. రచయితలను తమ కొలువులో చేర్చుకొనటం ఆకాశవాణికి తెలియనిది కాదు. పింగళి లక్ష్మీకాంతంగారు విజయవాడ కేంద్రంలోను, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు హైదరాబాదు కేంద్రంలోను పనిచేసినవారే. కాని ప్రసారానికి గాని ప్రచురణకు గాని వచ్చే రచనను స్వీకరించటమో త్రిప్పిపంపటమో చేయవలసినవారికి, ఎందుకు త్రిప్పిపంపినామో ఎదుట కూర్చోబెట్టుకొని చెప్పే తీరిక ఉండదు. తిరిగివచ్చిన కవరు పాఠం చెప్పదు. ఎదుటి మనిషి చెప్పవలసినదే.

అందుచేత కళాశాలలు ఈ ఏర్పాటు చేయదలచినప్పుడు కొన్ని నియమాలు పాటించటం మంచిదని మా అభిప్రాయం. రచయితను ఒక దినం పిలిచి, శాలువా కప్పి, ఛాయాచిత్రం తీయించుకొని పంపటం ఏర్పాటు కాదు. ఒక విద్యాసంవత్సరమైనా ఉంచవలెను. ఆయనకు హాజరుపట్టీ, పరీక్షపత్రాలు అప్పగించరాదు. ఒక గది, రెండు కుర్చీలు, వారానికి ఇన్ని గంటలు తలుపు తెరిచి ఉంటుందన్న మాట, ఇవి చాలును. తెలుగు చదివేవారికే గాక, విజ్ఞానశాస్త్రం, వాణిజ్యశాస్త్రం చదివేవారికి కూడా ఆ తలుపు తెరిచి ఉండాలి. వచ్చే రచయిత ఆ ప్రాంతపు మాట ఎరిగినవాడైతే మరీ మంచిది. ఆయన కూడా ఒక నియమం పాటించాలి. విద్యార్థి వాక్యాన్ని తాను దిద్ది వ్రాయరాదు. ఎక్కడ తడబడిందో చూపి, దిద్దుకొనటం విద్యార్థికే విడిచిపెట్టాలి. దిద్దిన వాక్యం గురువుది; దిద్దుకొన్న వాక్యమే శిష్యునిది.

దీనికి చట్టం అడ్డురాదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఉన్నత విద్యాసంస్థలలో నివాస కళాకారులు ఉండాలని ఆశించింది. 2022లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అనే నియామకానికి మార్గదర్శకాలు ఇస్తూ, సాహిత్యాన్ని కూడా అందులో చేర్చింది. డాక్టరేటు పట్టం తప్పనిసరి కాదన్నది. మంజూరైన అధ్యాపక పదవులలో నూటికి పది మించరాదన్నది. దారి ఉన్నది, నడవవలసినవారు కళాశాలలవారు. పరిశ్రమలు సామాజిక బాధ్యతగా పాఠశాలలకు గదులు కట్టిస్తున్నాయి, బల్లలు కొనిపెడుతున్నాయి, అవి మంచిపనులే. పరవాడ ప్రాంతపు విద్యార్థులకు ఒక్క ఏడు ఒక రచయితను సమకూర్చటం ఆ గదుల కంటే ఖరీదైన పని కాబోదు.

ఫలితమేమని అడిగేవారికి మేము పెద్ద ఆశలు చూపదలచలేదు. అరవైమంది వస్తే ఆరుగురు నిలుస్తారేమో, ఆ ఆరుగురిలో ఒకరు రచయిత కావచ్చును. తక్కినవారు తమ ఊరి సంగతిని తమ మాటలో నిర్భయంగా, స్పష్టంగా వ్రాయగల పౌరులవుతారు. అర్జీ వ్రాయవలసి వచ్చినా, వాదం వినిపించవలసి వచ్చినా, ఇంకొకరి కలం అరువు తెచ్చుకొనవలసిన అవస్థ వారికి ఉండదు. భూమి ఇంత వేగంగా చేతులు మారుతున్నచోట, తమ మాట తమ చేతిలో ఉండటం చిన్న ఆస్తి కాదు.